ఎదురుగాలికి ఒక గంట

“పెట్టె తిన్నగా నా టేబుల్ మీదికి రావాలి. మధ్యలో మూత తీశావో, నీ తోలు తీస్తా.”

చీఫ్ ఫోన్ పెట్టేశాడు. కాలు ఒకచోట నిలవదని డిపార్ట్‌మెంటంతా ‘చక్రం’ అని పిలిచే ఆ ఏజెంటు ఎయిర్‌పోర్టు లాంజిలో పచార్లు చేస్తున్నాడు. గాగుల్స్ పెట్టుకున్న ఓ అందగత్తె ఎదురుగా ఆగింది.

“ఈ సోఫా మెత్తగా ఉంటుందా?”

“కూర్చునే అలవాటు లేదు.”

కోడ్ కలిసింది. విదేశీ ముఠా దగ్గర దొరికిన ట్రాన్స్‌మిటర్ అంటూ ఆమె సీలు వేసిన స్టీలు పెట్టె అందించింది. పెట్టెకు తోడుగా తనూ వస్తానంది. సొంత డిపార్ట్‌మెంటు మనిషే కదా, అతను సరేనన్నాడు.

రెండు నగరాల మధ్య రెండువేల నాలుగొందల కిలోమీటర్లు. దారంతా సముద్రమే. విమానం నడిపేది సాక్షాత్తూ చక్రం వదిన.

రెండున్నర గంటలయ్యాక స్పీకర్లో ఆమె గొంతు వినిపించింది. “ఎదురుగాలి దంచేస్తోంది. మొత్తం ప్రయాణం నాలుగుంబావు గంటలు పట్టేలా ఉంది. క్షమించండి.”

ప్రయాణికులు విసుక్కుని మళ్లీ కునుకు తీశారు. గాగుల్స్ అమ్మాయి మాత్రం ఎయిర్‌హోస్టెస్‌ని మూడుసార్లు పిలిచింది. “ఇంకెంతసేపు? త్వరగా వెళ్లలేమా?” ప్రతిసారీ ఆమె చూపు చక్రం కాళ్ల మధ్యనున్న పెట్టె మీద పడుతోంది.

చక్రానికి విషయం అర్థమైంది. ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

“టైమర్ ఎంతకి పెట్టారు?”

“నాకేం...”

“నువ్వూ ఇందులోనే ఉన్నావు తల్లీ!”

ఆమె గాగుల్స్ తీసేసింది. “బయల్దేరిన నాలుగు గంటలకి. అప్పటికి నేను దిగిపోతాను, పెట్టె మీ చీఫ్ గదిలో ఉంటుందని లెక్క. మీ కోడ్ కొట్టేసిన మా ముఠా టెక్నీషియన్ మొన్న గాలివాటున ఇటు వచ్చినప్పుడు మూడు గంటలే పట్టిందట. దూరం ఒకటే కదా, అటు వెళ్లడానికీ అంతే అనుకున్నాడు దరిద్రుడు!”

“వైర్లు తెంపితే?”

“మూత తీస్తే చాలు, పేలుతుంది.”

చక్రం ఎయిర్‌హోస్టెస్‌కి ఐడీ కార్డు చూపించి ఇంటర్‌కమ్ అందుకున్నాడు. వదినకి ఏమైనా అయితే అన్నయ్యకి ఏ ముఖం చూపించాలి?

“వదినా, నేనే. విమానంలో బాంబుంది. నాలుగు గంటల్లోపు దిగాలి.”

అటునుంచి వదిన చకచకా లెక్కేసింది.

“సగం దాటేశాం, వెనక్కి తిరిగే టైము లేదు. గాలి జోరంతా పైనే. కిందికి దించేస్తా. ఆయిల్ తాగేస్తుంది, తాగనీ. నువ్వు ముందు కంగారు పడకుండా కూర్చో!”

జీవితంలో మొదటిసారి చక్రం కదలకుండా కూర్చున్నాడు. పెట్టెని ఒళ్లో పెట్టుకుని, కళ్లు వాచీకి అప్పగించాడు. విమానం మేఘాల్లో ఎగిరెగిరి పడుతోంది. వెనక సీట్లో ఎవరో దేవుణ్ణి తలుచుకుంటున్నారు. అతనూ తలుచుకున్నాడు.

చక్రాలు రన్‌వేని తాకేసరికి ఆరు నిమిషాలు మిగిలాయి. విమానం ఆగేసరికి మూడు. మెట్ల బండి జాడ లేదు. ఎమర్జెన్సీ తలుపు తెరిచి, రబ్బరు జారుడుబల్ల మీంచి పెట్టెతో సహా జారి, గడ్డి మైదానంలోకి పరుగు లంకించుకున్నాడు. దూరంగా కనబడిన కాలవగుంటలోకి పెట్టె విసిరి, వెనక్కి ఉరికి బోర్లా పడ్డాడు.

భూమి దద్దరిల్లింది. నెత్తిన బురద వాన కురిసింది.

వదిన పరిగెత్తుకొచ్చి, బతికున్నాడని చూసుకుని, వీపు మీద ఒక్కటి వేసి ఏడ్చేసింది. చక్రం కళ్లూ చెమ్మగిల్లాయి.

బేడీలతో జీపెక్కుతున్న గాగుల్స్ వెనక్కి తిరిగింది. “నేను మళ్లీ ఇంటికి వెళ్లేసరికి ఎన్నేళ్లవుతుంది?”

“ఓ ఇరవై కావచ్చు. ఈసారి లెక్క మీ టెక్నీషియన్ కాదు, జడ్జిగారు కడతారు,” అన్నాడు చక్రం, చెవిలో బురద దులుపుకుంటూ.