మా ఇంటి గొడవ

సూళ్లూరుపేట స్టేషన్‌లో ఉదయం చెన్నై లోకల్ కదులుతుండగా ఏజెంట్ మునికుమార్ మెడలో బుల్లెట్ దిగింది. సైలెన్సర్ బిగించిన పిస్టల్. పక్కనున్నవాళ్లు కళ్లు తిరిగి పడ్డాడనుకున్నారు.

ఆ సాయంత్రమే తిరుపతిలో, బస్టాండు వెనక లాడ్జి గదిలో, యూనిట్ చీఫ్ చంద్రకాంతమ్మ ఏజెంట్ ఇమ్మానుయేల్‌కు బ్రీఫింగ్ ఇచ్చింది. నాలుగో రోజు రాకెట్ ప్రయోగం. దాని సిగ్నల్స్‌ను చెడగొట్టడానికి ఒక విదేశీ ముఠా జామర్ తెచ్చింది. సిగ్నల్ తెగితే మనవాళ్లే రాకెట్‌ను గాలిలో పేల్చేయాల్సి వస్తుంది. ముఠా నాయకుడు భానుచందర్. పులికాట్ సరస్సు దగ్గర రొయ్యల వ్యాపారిగా తిరుగుతున్నాడు. మునికుమార్‌ను కాల్చింది అతనే. ముఠాలో మన మనిషి ఒకరున్నారు. ఎవరో మునికుమార్‌కే తెలుసు. ఆ మనిషి కోడ్, "కాణిపాకం బస్సు పొయ్యిందా?"

"భానుచందర్ నాకు ప్రాణాలతో కావాల," అంది చీఫ్.

ఇమ్మానుయేల్ మాట ఇవ్వలేదు.

రెండేళ్ల కిందట పాస్టరైన అతని నాయన చనిపోతే ఊళ్లోవాళ్లు శ్మశానంలోకి రానివ్వలేదు. శవం రెండు రోజులు ట్రాక్టర్ మీదే ఉంది. కలెక్టరాఫీసులో అర్జీ తీసుకుని కూర్చోమన్నారు. చివరికి సరస్సు అవతలి దిబ్బ మీద గొయ్యి తవ్వినవాడు మునికుమార్ ఒక్కడే.

ఆ గాయాన్నే ఇమ్మానుయేల్ వేషంగా తొడుక్కున్నాడు. ఉద్యోగం వదిలేశానని, ఈ దేశం మీద మనసు విరిగిపోయిందని పులికాట్ ఒడ్డున టీకొట్లలో కూర్చుని చెప్పాడు. సరస్సులో ఏ దారిన పడవ నేల తగలకుండా పోతుందో అతనికి చిన్నప్పటినుంచీ తెలుసు. ముఠాకు కావలసిందీ అదే. రెండో రోజు నల్లకళ్లద్దాలు, భుజాన పెద్ద కెమెరాతో స్టెల్లా వచ్చింది. పక్షుల ఫోటోగ్రాఫర్‌నంది. చూపు తిప్పుకోనివ్వని మనిషి. ఆమే అతణ్ణి భానుచందర్ దగ్గరికి తీసుకెళ్లింది.

ప్రయోగం రోజు ఉదయం ముగ్గురూ పడవలో ఉన్నారు. ఐసుపెట్టెలో రొయ్యల కింద జామర్. ఫోనులో కౌంట్‌డౌన్ వినిపిస్తోంది.

భానుచందర్ పెట్టె మూత తీసి నవ్వాడు. "నీ నాన్నకు ఆరడుగుల నేల ఇవ్వని దేశం. స్విచ్ నువ్వే వెయ్యి. పగ తీర్చుకో."

ఇమ్మానుయేల్‌కు ట్రాక్టర్ మీద నాయన కాళ్లు కనిపించాయి. చెయ్యి ముందుకు సాగి ఆగింది.

"నేల ఇయ్యనోళ్ల పేర్లన్నీ నాకు తెలుసు. వాళ్లను వదల్ను. కానీ అది మా ఇంటి గొడవ. మధ్యలో నిన్ను పిల్చినోళ్లెవురు?"

భానుచందర్ పిస్టల్ తీశాడు. కౌంట్‌డౌన్ ముప్ఫైకి వచ్చింది.

"కాణిపాకం బస్సు పొయ్యిందా?" అంటూ స్టెల్లా కెమెరా స్టాండుతో అతని మణికట్టు మీద కొట్టింది. గుండు పడవ అంచును చీల్చింది. పిస్టల్ నీళ్లలో పడింది. భానుచందర్ రెండో చేత్తో స్విచ్ వేసేశాడు. జామర్ మీద ఎర్రలైటు వెలిగింది. ఇమ్మానుయేల్ పెట్టెను గుండెలకెత్తుకుని సరస్సులోకి విసిరాడు. ఫోనులో ఆరు, అయిదు. ఉప్పునీళ్లలో లైటు ఆరిపోయింది.

తూర్పున నిప్పు లేచింది. రాకెట్ తిన్నగా పైకి పోయింది.

ఇమ్మానుయేల్ అటు చూడలేదు. భానుచందర్‌ను నడుంలోతు నీళ్లలోకి లాగి, తల ముంచి పట్టుకున్నాడు. మునికుమార్ పేరు ఒకసారి పైకే అన్నాడు. బుడగలు తగ్గుతున్నాయి. ఈ చెయ్యి తీయించు ప్రభువా అని లోపల అడిగాడు. బుడగలు పూర్తిగా ఆగకముందే తనే చెయ్యి తీశాడు. భానుచందర్ దగ్గుతూ లేచాడు. స్టెల్లా సంకెళ్లు వేసింది.

"సంపేస్తావనుకున్నా," అంది.

"నేనూ అట్లే అనుకున్నా."

"క్షమించినావా?"

"దానికి మూడు దినాలు ఉపవాస ప్రార్థన కావాల," అన్నాడు ఇమ్మానుయేల్ చొక్కా పిండుకుంటూ. "ముందు టిఫిన్ యాడ దొరుకుతాదో సూడు."