ఐదు సెకన్ల చీకటి

"మా ఆయన్ని సాయంత్రంలోగా పోలీసులకు అప్పజెబుతారటండీ!"

చంకలో పసిపాపతో ఆ అమ్మాయి గుమ్మంలోనే నిలబడిపోయింది. నూలు మిల్లు ఎలక్ట్రీషియన్ భార్య. డిటెక్టివ్ కుర్చీ చూపించాడు. ఆయనకు సహాయకురాలైన మేనకోడలు మంచినీళ్లు తెచ్చింది. పాప వెంటనే గ్లాసులో చెయ్యి పెట్టేసింది.

నిన్న మధ్యాహ్నం మిల్లులో పెద్ద మోటారు షాఫ్టు విరిగింది. అంతకు ముందురోజే సెలవు దగ్గర ఎలక్ట్రీషియన్‌కీ మేనేజరుకీ మాటామాటా అయింది. కసికొద్దీ సమ్మెటతో కొట్టాడని మేనేజరు పట్టుబట్టాడు.

"పాపకి జ్వరమొచ్చినా ముందు ఆ మోటారు వేడెక్కిందేమో చూసొచ్చే మనిషండీ!"

"మీరు పనికెళితే పాపని ఎవరు చూస్తారమ్మా?"

"నేను చేసేదీ ఆ మిల్లులోనేనండి. అక్కడే పిల్లల గది ఉంది, ఆయమ్మ చూస్తుంది. ఇదివరకు కరెంటు లైను మారినప్పుడల్లా చీకటికి జడుసుకుని గుక్కపట్టేది. మొన్నటినుంచి బంగారుతల్లి, కిక్కురుమనడం లేదు."

డిటెక్టివ్ లేచి చెప్పులు తొడుక్కున్నాడు. ఆయన అంత తొందరగా లేచాడంటే ఏదో దొరికినట్టే. ఏమిటో మాత్రం మేనకోడలికి అంతుపట్టలేదు.

మిల్లులో షాఫ్టు విరిగిన చోట దెబ్బ గుర్తే లేదు. పిండిన గుడ్డలా మెలితిరిగి ఉంది.

మిల్లుకు రెండు కరెంటు లైన్లు. ఒకటి పోతే రెండోది అందుకుంటుంది. ఆ మార్పిడి పెట్టె పిల్లల గది గోడకు ఇవతలే ఉంది. అందులో టైమర్ మీట ఐదు మీద ఉండాల్సింది, సున్నా మీద ఉంది. మీటకు తెల్లటి పొడి అంటుకుంది.

"దూదిపొడి మామయ్యా. మిల్లంతా ఇదేగా!"

"వాసన చూడు."

చూసింది. దూదికి ఆ వాసన ఉండదు.

"ఈ మీట సంగతి నిన్నెవరైనా అడిగారా?" డిటెక్టివ్ ఎలక్ట్రీషియన్ని అడిగాడు.

అతని చూపు ఒక్కసారి పిల్లల గదివైపు వెళ్లి వచ్చింది. "గుర్తులేదు సార్."

డిటెక్టివ్ మేనేజరుతో, ఎలక్ట్రీషియన్ భార్యతో సహా అందరినీ ఆయా ఉన్న ఆ పిల్లల గదిలోకే పిలిచాడు. కిటికీ లేని గది, పదకొండు ఉయ్యాలలు.

"కరెంటు పోగానే మోటారు ఆగిపోదు," అన్నాడు. "తిరుగుతూ తనే కాస్త కరెంటు పుట్టిస్తుంది. అది చల్లారకముందే రెండో లైను తగిలితే రెండూ ఢీకొని షాఫ్టును మెలిపెడతాయి, రెండు మూడు సార్లకి అది విరుగుతుంది. అందుకే ఐదు సెకన్లు ఆగాలి. ఎవరో ఆ ఆగడాన్ని తీసేశారు. పౌడరు అంటిన వేళ్లతో. మొన్నటినుంచి ఇక్కడ చీకటీ లేదు, ఏడుపూ లేదు."

ఆయా ఒళ్లోని పౌడరు డబ్బా కింద పడింది.

"నేనే బాబూ. చీకటైతే పదకొండు మందీ ఒక్కసారే గుక్కపడతారు. నాకున్నవి రెండు చేతులే. మోటారు విరుగుతుందని నాకేం తెలుసు?"

"తెలిసీ నువ్వెందుకు నోరు విప్పలేదయ్యా?" డిటెక్టివ్ ఎలక్ట్రీషియన్ వైపు తిరిగాడు.

ఎలక్ట్రీషియన్ తల దించుకున్నాడు. "ఆ పదకొండు మందిలో నా కూతురూ ఉంది సార్. ఆయమ్మ అడిగితే చీకటి ఎంతసేపో ఆ మీటే తేలుస్తుందని చెప్పాను. ఐదు సెకన్లు ఎందుకో చెప్పలేదు. తప్పు నాదే."

మేనేజరు ఏదో అనబోయాడు. అంతలో లైను పోయింది. డిటెక్టివ్ టైమర్‌ను అప్పటికే ఐదు మీదికి తిప్పాడు. కళ్లు పొడుచుకున్నా కనిపించని చీకటి. ఉయ్యాలలన్నీ ఒక్కసారిగా గొల్లుమన్నాయి. "ఒకటి... రెండు..." ఎలక్ట్రీషియన్ పైకే లెక్కపెట్టాడు. ఐదు సెకన్లు ఇంత పొడుగని మేనకోడలు ఎన్నడూ అనుకోలేదు.

వెలుగొచ్చేసరికి మేనేజరు భుజాన ఓ బుడ్డోడున్నాడు. ఎప్పుడు ఎత్తుకున్నాడో ఆయనకే తెలిసినట్టు లేదు.

"మోటారుకి ఐదు సెకన్లు కావాలి. వీళ్లకి బ్యాటరీ దీపం కావాలి," మేనేజరు ఎలక్ట్రీషియన్‌తో అన్నాడు. "దీపం రేపటికల్లా పెట్టు. ఆ పెట్టెకి తాళం వెయ్యి."

పాపని గుండెలకు హత్తుకుని అతని భార్య గోడకు చేరగిలబడింది.

"మరి నేను బాబూ?" అంది ఆయా.

"నువ్వు పోతే వీళ్లనెవరు పట్టుకుంటారు? ముందు వీణ్ణి తీసుకో తల్లీ, చొక్కా తడిపేశాడు!"