గోడ అవతలి మౌస్

మూసుకుపోతున్న లిఫ్టు కోసం ఇద్దరూ చెరోవైపు నుంచి పరుగెత్తి ఢీకొన్నారు. రెండు సంచుల్లోని సామానూ నేల పాలైంది.

"కళ్ళు నెత్తికెక్కాయా?" అందామె.

"లేదండీ, లిఫ్టు మీదున్నాయి. మీవి?"

"నావీ అక్కడే!"

"అయితే తప్పు లిఫ్టుదే."

ఆ గళ్ళచొక్కావాడి మాటకు ఆమెకు నవ్వొచ్చింది గాని, నవ్వకూడదని నిశ్చయించుకుంది. నేల మీద అచ్చం ఒకేలా ఉన్న వైర్‌లెస్ మౌసులు రెండు, వాటిని ల్యాప్‌టాప్‌కు కలిపే గోరంత రిసీవర్లు రెండు పడి ఉన్నాయి. కోపంలో ఉన్న మనిషి చేతికందినది తీసుకుంటుందే తప్ప సరిచూసుకోదు. ఆ కోపాన్నే చూస్తున్న మనిషి ఇంకేమీ చూడడు. తరువాత జరిగిన సమస్తానికీ మూలం ఇదే.

ఆమెది ప్లాన్లు గీసే పని. పిల్లల గ్రంథాలయానికి ఒక హాలు గీసి ఆ మధ్యాహ్నానికల్లా ఆఫీసు మేడమ్‌కు చూపించాలి. నచ్చితే ఉద్యోగం ఖాయం, నచ్చకపోతే ట్రయల్ అంతటితో సరి. ఆమె ఆఫీసులో చెక్కగోడ వారగా కూర్చుని, రిసీవర్ తగిలించి, మౌస్ కదిపింది. తెర మీద బాణం గుర్తు కదల్లేదు. చెయ్యి తీసేసింది. కదిలింది!

వెంటనే ఫోన్ అందుకుంది.

"అన్నయ్యా, నా మౌస్‌కి దయ్యం పట్టింది!"

"ఆపి మళ్ళీ ఆన్ చేశావా?"

"చేశాను."

"బ్యాటరీ అయిపోయిందేమో."

"బ్యాటరీ అయిపోతే ఆగిపోవాలి గానీ పరుగులు తీస్తుందా?"

"అయితే వైరస్సే. నెట్ పీకెయ్, చిట్టీ!"

ఆమె నెట్ ఆపింది. బాణం లెక్క చెయ్యలేదు. హాలు మధ్యలోని గోడ మీద నిలబడి, ఒక మెనూ తెరిచి, తాపీగా 'డిలీట్' నొక్కింది.

"పోయింది! గోడ పోయిందన్నయ్యా!"

"ఏ గోడే?"

ఒళ్ళు మండి ఆమె ఆ చచ్చిన మౌస్‌ను పట్టుకుని బల్ల మీద అటూ ఇటూ రుద్దింది.

"అయ్యో, నా హీరోయిన్!" అని చెక్కగోడ అవతల కేక వినిపించింది.

ఆమె ఆగింది. కేక ఆగింది. మళ్ళీ కదిపింది.

"అయ్యయ్యో, కుక్క!"

"ఎవరే అది?" అన్నాడు అన్నయ్య.

"దయ్యమే! తరవాత చేస్తా."

మరొక్కసారి పరీక్షించి గాని ఆమె నమ్మలేదు.

"ఏవండీ, గోడ అవతల ఎవరు?"

"సినిమాలకి సబ్‌టైటిళ్ళు రాసేవాణ్ణండీ!"

"ముందు మీరు మౌస్ ముట్టుకోకండి! నా గోడ పడగొట్టారు!"

"మీరు చేసింది తక్కువా? 'నిన్ను విడిచి ఉండలేను' అన్న హీరోయిన్ మాటని తీసుకెళ్ళి కుక్క మొరిగేచోట పెట్టారు!"

పొద్దుట బిగబట్టిన నవ్వంతా ఇప్పుడు ఒక్కసారిగా బయటపడింది. నవ్వు ఆపుకునేసరికి ఆమెకు లిఫ్టు దగ్గరి సంగతి గుర్తొచ్చింది.

"గళ్ళచొక్కా... మీరేనా? రిసీవర్లు మారిపోయాయండీ! మీ చెయ్యి నా కంప్యూటర్లో ఉంది, నా చెయ్యి మీ కంప్యూటర్లో ఉంది!"

అనేశాక గాని ఆ మాట ఎలా వినిపించిందో ఆమెకు తట్టలేదు.

అతను రిసీవర్ పట్టుకొచ్చి, తనది తీసుకుని, తెర వైపు అపరాధిలా చూశాడు.

"సారీ అండీ. మళ్ళీ రాదా ఆ గోడ?"

"ఒక్క నొక్కు చాలు, వస్తుంది." ఆమె వేలు చాపి, అక్కడే ఆపింది. గోడ లేని ఆ హాల్లో పెద్దపిల్లల వైపు కిటికీ వెలుతురు బొమ్మల పుస్తకాల మూల దాకా వస్తుంది. ఒక్క కుర్చీలో కూర్చున్న మనిషికి పిల్లలందరూ కనిపిస్తారు. ఇంతకాలం ఆ రెండింటికీ అడ్డు తను గీసిన గీతే.

"నొక్కరేం?"

"ఉంచేస్తాను."

"మేడమ్ ఒప్పుకోకపోతే?"

"ఉద్యోగం పోతుంది."

"అమ్మో! అయితే పెట్టేయండి!"

"పడగొట్టేదీ మీరే, కట్టమనేదీ మీరేనా? వెళ్ళండి, పని చేసుకోనివ్వండి."

మధ్యాహ్నం మేడమ్ వచ్చి ప్లాను మీదికి వంగింది.

"మధ్య గోడ ఏదమ్మా?"

"మొదట పొరపాటున పోయిందండీ. పోయాక చూస్తే, లేకపోవడమే బాగుందనిపించింది."

మేడమ్ కళ్ళజోడు సవరించుకుని మళ్ళీ చూసింది. "నాకూ అదే అనిపిస్తోంది. రేపటి నుంచి ఇక ట్రయల్ అనే మాట ఎత్తకు."

"హమ్మయ్య!" అంది చెక్కగోడ.

"ఎవరది?"

"గోడ తీసినాయనండీ," అంది ఆమె, ముఖం ఎర్రబడగా.

అందరూ వెళ్ళే వేళకు అతను గుమ్మంలో నిలబడ్డాడు. "రిసీవర్లు ఒక్కసారి మళ్ళీ మార్చుకుందామా?"

"ఇంకేం పడగొడతారు?"

"ఒక మాట చెప్పాలండీ. ఎదురుగా నోరు పెగలడం లేదు. మౌస్‌తో గీసే ఖాళీ పేజీ ఒకటి తెరవండి, నేనూ తెరుస్తాను."

మార్చుకున్నారు. ఆమె తెర మీద బాణం వణుకుతూ బయలుదేరింది. తాను రాసేది తనకు కనిపించని మనిషి రాత అది: అక్షరాలు ఒకదాని భుజం మీదికొకటి ఎక్కుతున్నాయి.

'గోడ అవతల మీరు నవ్వినప్పటి నుంచి నాకు పని సాగలేదు. ఆ నవ్వు రోజూ వినాలని ఉంది. వినొచ్చా?'

"చదివారా?" అవతలి గొంతు పీలగా వచ్చింది.

"ఆ."

"మరి?"

ఆమె మౌస్ అందుకుంది. తెర కనిపించకపోయినా గీత గీయడం చేతికి అలవాటే. నాలుగు గీతలు గీసి పక్కన చిన్న సున్నా చుట్టింది.

"ఏంటండీ ఇది? బీరువానా?"

"ప్లాన్లు గీసేదాన్ని పట్టుకుని ఎంత మాటన్నారు! తలుపండీ అది."

"తలుపా? ఎక్కడికి?"

"మీరున్న చోటు నుంచి నేనున్న చోటికి."

అవతల కుర్చీ పడిన చప్పుడు, ఆ వెంటనే వరండాలో పరుగు. మేడమ్ ఇంకా లోపలి గదిలోనే ఉందన్న సంగతి కూడా మరిచి, ఆమె ఆఫీసు తలుపు బార్లా తెరిచింది.