బదులు పలికిన లోయ

ఆ దీవిలో లైట్‌హౌస్ వెనక ఒక లోయ ఉంది. తెల్లారకముందు అటు ఎవరూ వెళ్లరు. వెనకటికి లైట్‌హౌస్ కాపలాదారు భార్య అక్కడే తప్పిపోయిందట. మనిషీ దొరకలేదు, చెప్పూ దొరకలేదు. చీకటితో చేపలకెళ్లే పడవవాళ్లకి ఈమధ్య మళ్లీ ఏడుపు వినిపిస్తోందట — సన్నగా, సాగదీసి...

మెరియానా నమ్మలేదు. ఆమె అనుమానమంతా మేనమామ హొహెపా మీదే.

దీవిలో పక్షులకి కాపలా ఆయనే. ఆ లోయలో కొకాకో పక్షులది ఒకే జంట — బూడిదరంగు ఒళ్లు, గొంతు కింద నీలంగా వేలాడే తోలుబిళ్లలు. ఆడపక్షి బతికే ఉందని చూపే ఫోటో తీసుకురమ్మని పక్షుల సంరక్షణ ఆఫీసువాళ్లు మెరియానాని పంపారు. లేదంటే మగదాన్ని పట్టుకుని వేరే చోటికి తరలిస్తారు. మూడు రోజులైంది. మగది కనిపిస్తోంది. ఆడది జాడ లేదు.

"పొద్దెక్కాక వెళ్లవే. చీకట్లో ఆవిడ ఊరుకోదు," అన్నాడు హొహెపా, రొట్టె తుంచుకుంటూ, తలెత్తకుండానే.

"ఎవరు మావయ్యా? దెయ్యమా, పక్షా?"

ఆయన పళ్లెం తీసుకుని లేచిపోయాడు.

మర్నాడు నాలుగింటికే లేచింది. మావయ్య మంచం ఖాళీ!

టార్చికి ఎర్రగుడ్డ చుట్టి లోయలోకి దిగింది. తడి ఆకులు ముఖానికి తగులుతున్నాయి. ఒక అడుగు... ఇంకో అడుగు...

ఏడుపు!

మెరియానా ఆగిపోయింది. చెట్టు మొదట్లో ముసుగు కప్పుకున్న ఆకారమొకటి కూర్చుని ఉంది. టార్చి అటు తిప్పింది.

హొహెపా. పెదాలు సున్నాలా చుట్టి ఈల వేస్తున్నాడు.

"మావయ్యా!"

"ష్... దీపం ఆపు."

"ఆడపక్షేదీ?"

"పోయింది. ఆరు వారాలైంది. నేనే పాతిపెట్టా. గూడు చూస్తే అదీ ఖాళీ." ఆయన గొంతు మరీ తగ్గింది. "జోడు లేదంటే వీణ్ణి పట్టుకుపోతారు కదే. అందుకే దాని పాట నేను పాడుతున్నా. వీడు నమ్మేస్తున్నాడు, పాపం."

"మరి దెయ్యం?"

"అది పాత కథే. కాస్త దుమ్ము దులిపా, అంతే."

"నన్ను మూడు రోజులు వెర్రిదాన్ని చేశావు..."

పైన మగపక్షి పాట అందుకుంది. పాడి, ఆగింది. హొహెపా నోరు మూసే ఉంది.

వాళ్ల వెనక నుంచి బదులొచ్చింది.

మూడే స్వరాలు... తడబడుతూ.

హొహెపా ఆమె మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు. "అది... నేను కాదే."

మళ్లీ. ఈసారి ఇంకా దగ్గరగా.

తూర్పున వెలుగు రేకలు విచ్చుకుంటున్నాయి. కొమ్మ కదిలింది. మెరియానా గురి చూడకుండానే కెమెరా ఎత్తి వరసగా నొక్కేసింది. ఇద్దరూ కెమెరా తెర మీదికి వంగారు.

పక్షే. కానీ గొంతు కింద బిళ్లలు నీలం కాదు. పసిపాప చెవుల్లా లేతగులాబీ రంగు!

"పిల్ల మావయ్యా! నువ్వు చూసేలోపే గూడు దిగిపోయి ఉంటుంది. తండ్రే మేపుతున్నాడు. మేపాల్సిన పిల్ల ఉండగా ఇక వీణ్ణి ఎవరు తీసుకుపోతారు?"

హొహెపా బురదలోనే చతికిలబడ్డాడు. పిల్ల మరోసారి పాడింది. మెరియానాకి నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయి.

ఆ పాటలో తల్లి గొంతు లేదు. అచ్చం మావయ్య ఈలే.