ఎనిమిదింటి నీళ్లు

"ఏవండోయ్! చప్టా మధ్యలో ఆగకండి! ముందుకైనా పోండి, వెనక్కైనా పోండి!"

నెత్తి మీద అరుపు వినబడేసరికి ఆ అమ్మాయి ఉలిక్కిపడి చేతిలో పెన్సిలు జారవిడిచింది. అది దొర్లుకుంటూ వెళ్లి తుంగలో పడింది. తలెత్తి చూస్తే, కాలువ నీళ్లు వదిలే షట్టర్ల వంతెన మీద ఒక యువకుడు, ఒక చెయ్యి ఇనప చక్రం మీద, ఒక చెయ్యి నడుం మీద.

"చప్టా మీ తాతగారిదా?"

"చప్టా ప్రభుత్వానిది. దాని మీద పారే నీళ్లు మాత్రం నావి."

"ఏవీ, కనబడవే?"

అతను వాచీ చూసుకున్నాడు. ఆమె సైకిలు చూశాడు. ఆమెను చూశాడు. రెండోసారి వాచీ చూడటం మర్చిపోయాడు. "వస్తాయి లెండి. ముందు మీరు దాటండి" అన్నాడు, గొంతు సగానికి సగం తగ్గించి.

అరిచినవాడి మీద కోపంతో ఆమె తాపీగా, పెళ్లినడక నడుచుకుంటూ దాటింది. వెనక్కి చూస్తే ఒట్టు. చూసి ఉంటే ఈ కథే లేదు.

ఆమె పని సైకిల్ టూర్ల ఆఫీసులో. కారూ లారీ లేని దారులు వెతికి, సైకిలు మీద తిరిగి, కొలిచి మ్యాపు గీయాలి. ముందు చక్రానికి ఒక మీటరు కట్టి ఉంటుంది కాబట్టి అందరికీ ఆమె మీటరమ్మాయి. ఆ చిత్తడి నేలంతా బల్ల పరిచినట్టుంటుంది. ఎటు చూసినా తుంగ, నీళ్లు, వాటి మధ్య సన్నటి గట్లు. ఎంతసేపు తొక్కినా కొంగలు తప్ప ఎవరూ హారన్ కొట్టరు. చప్టా మీదుగా వెళ్లి, అవతలి గట్టున చుట్టు తిరిగి ఊరు చేరే ఈ దారి ఆమె సొంతంగా గీస్తున్న మొదటి దారి. ఇది హిట్టయితే ఉద్యోగం పర్మనెంటు. ఫట్టయితే మళ్లీ ఆఫీసులో ఫోన్లెత్తే కుర్చీయే గతి. ఆ కుర్చీకి ఒక కాలు కుంటి కూడాను.

"బోర్డు చెప్పింది రాయొద్దమ్మా, చక్రం చూసింది రాయి" అనేది మేనేజరు గారి వేదం. చప్టా పక్కన తుప్పు పట్టిన బోర్డొకటి 'ఉదయం 8 నుంచి 10 వరకు నీళ్లు' అంటూ ఒక వైపుకి వాలి ఉంది. ఆమె దాన్ని చూసింది. మర్నాడూ ఎనిమిదింటికే వెళ్లింది. చప్టా పొడిగా ఉంది.

పొడి చప్టా చివర షట్టర్లాయన, చేతిలో నిన్నటి పెన్సిలు.

"తుంగలో దిగారా?" ఆశ్చర్యపోయింది.

"అదే తేలుతూ వచ్చింది."

మోకాళ్ల దాకా బురద. అబద్ధమాడటం కూడా రాని మనిషి, అనుకుంది. నవ్వొచ్చింది, ఆపుకుంది.

"రేపు ఎన్నింటికి వస్తారు?"

"ఎనిమిదింటికి. ఏం?"

"ఊరికే."

అలా రోజూ. ఒకరోజు టైరుకి గాలి కొట్టాడు. ఒకరోజు ఫలానా పిట్ట పేరేంటని ఆమె అడిగితే, తెలియక సొంతంగా ఒక పేరు పెట్టేశాడు. ఒకరోజు వాన. మామూలు వాన కాదు, పిలవని చుట్టంలా సామానుతో సహా దిగింది. ఇద్దరూ షట్టర్ల గదిలో, ఒకే కిటికీ దగ్గర. ఆమె తల తుడుచుకోవడానికి అతను తువ్వాలు ఇచ్చి, ఆ తర్వాత గోడ మీద క్యాలెండరు తప్ప మరేదీ చూడనట్టు నిలబడ్డాడు. ఫోను మోగుతూనే ఉంది.

"ఎత్తరేం? ఎవరు?"

"దిగువ చేపల చెరువులవాళ్లు. పొద్దున్నే పలకరిస్తుంటారు."

"పాపం, ఎంత అభిమానమో!"

"అబ్బో, చెప్పలేనంత" అన్నాడు దిగులుగా.

వాన తగ్గితే బాగుండునని అనుకోవాల్సింది పోయి, ఇంకో పావుగంట కురిస్తే దీని సొమ్మేం పోయింది అనుకుంది ఆమె. అలా అనుకున్నందుకు తనని తానే తిట్టుకుంది.

పదిహేనో రోజుకే కాగితాల మీద ఖాయంగా రాసేసింది: 'చప్టా ఉదయమంతా పొడి. బోర్డు పాతది.' ఐదు వందల మ్యాపులు అచ్చయ్యాయి. ఆదివారం నలభై మందితో ప్రారంభ రైడు.

ఇరవయ్యో రోజు, శనివారం నాడు అతను మళ్లీ అడిగాడు, "రేపు ఎన్నింటికి వస్తారు?"

నలభై మందితో దిగి ఈయన మొహం చూడాలన్న సరదా ఆమెది. "రేపు రాను. ఇంకెప్పుడూ రాను. నా పని అయిపోయింది."

రావద్దంటాడా, రమ్మంటాడా, ఏదో ఒకటి అంటాడని కాసేపు బెల్లు తుడుస్తూ నిలబడింది.

"సరేనండి" అన్నాడు.

సరేనట! ఇంటి దాకా తొక్కుతూనే ఉంది, తిడుతూనే ఉంది. ఇరవై రోజులకి ఒక్క సరేనా? ఈ బండరాయి కోసమా తను రోజూ ఉతికిన దుస్తుల్లో మంచివి ఏరుకుంది!

ఆదివారం ఎనిమిదీ పది. ముందు మేనేజరు గారు, వెనక నలభై సైకిళ్లు, అందరికన్నా వెనక ఆమె. తుంగ మలుపు తిరగ్గానే ముందు నుంచి 'అయ్యయ్యో' అని కేక. చప్టా లేదు. అది ఉండాల్సిన చోట గలగలమంటూ నీళ్లు పారుతున్నాయి. నీళ్ల మధ్యలో మోకాళ్ల దాకా మునిగి, సైకిలు నెత్తినెత్తుకుని మేనేజరు గారు.

"ఉదయమంతా పొడి అని రాసిన మహాతల్లి ఎక్కడ?"

ఆమెకు కుంటి కుర్చీ కళ్ల ముందు మెదిలింది. సైకిలు పడేసి వంతెన మెట్లు రెండేసి చొప్పున ఎక్కింది.

"ఇరవై రోజులు పొడిగా ఉన్నది ఇవాళే తడవాలా? నా మీద పగా?"

అతను చక్రం వదిలేశాడు. "మీరు... రానన్నారుగా?"

"నేను రాకపోతే నీళ్లొదిలేస్తారా?"

"మీరు వస్తేనే కదండీ ఆపేది."

షట్టర్ల గదిని ఆనుకునే ఉన్న ఇంట్లోంచి అతని నాయనమ్మ చేట పట్టుకుని వచ్చేసింది.

"నేను చెప్తానే తల్లీ, వీడికి నోరు లేదు. ఎనిమిదింటికి ఎత్తాల్సిన షట్టర్లు, నువ్వు మలుపు దాటి కనుమరుగయ్యాక ఎత్తేవాడు. చేపల చెరువులవాళ్లు ఫోన్లో పెట్టిన చీవాట్లు వింటే చేపలకే జాలేస్తుంది. నిన్న నువ్వు ఇంక రానన్నావట, రాత్రి అన్నం ముందు కూర్చుని లేచిపోయాడు. ఇవాళ ఎనిమిదింటికి ఎత్తాడు, నిమిషం తేడా లేకుండా."

ఆమెకు సంతోషం, కోపం ఒకేసారి వచ్చాయి. కోపమే ముందు బయటికొచ్చింది. "నాతో ఒక్క మాట చెప్తే ఏం పోయేది? నేను చూసిందే రాస్తాను. మీరు నాకు లేని దారి చూపించారు. నా మొదటి దారండీ ఇది!"

"తప్పే" అన్నాడు. "చెప్తే మీరు పదింటి తర్వాత వస్తారు. అప్పుడు నేను కాలువ మీద డ్యూటీలో ఉంటాను. మిమ్మల్ని చూడలేను. అందుకే చెప్పలేదు. ఇష్టమండీ మీరంటే. అదీ చెప్పలేదు."

ఈలోపు తడిసిన ప్యాంటుతో మేనేజరు గారు మెట్లెక్కి వచ్చారు. "బాబూ, ఒక్క అరగంట మూసెయ్, మావాళ్లు దాటేస్తారు."

"మూయనండి. ఇన్నాళ్లు మూసిందే తప్పు. దిగువన చేపలున్నాయి."

మేనేజరు గారు ఆమె వైపు తిరిగారు. చేతిలో ఆమె కొలతల పుస్తకం. "నిన్నో సంగతి అడగాలమ్మా. మిగతా గట్లన్నీ రెండేసి సార్లు కొలిచావు. ఈ చప్టా ఒక్కటే ఇరవై సార్లు కొలిచావు. రోజురోజుకీ పెరుగుతుందనుకున్నావా?"

వంతెన కింద నలభై మందీ గొల్లుమన్నారు. ఆమె ముఖం కందిపోయింది. షట్టర్లాయన అన్ని రోజుల్లో మొదటిసారి క్యాలెండరు వైపు కాకుండా నేరుగా ఆమె కళ్లలోకి చూశాడు.

"రెండు సార్లు చాలు" ఒప్పుకుంది ఆమె, నేల చూపులు చూస్తూ. "మిగతా పద్దెనిమిదీ... నాకే రావాలనిపించి వచ్చాను."

"అదీ సంగతి!" నాయనమ్మ చేట పక్కన పెట్టేసింది. "ఇంతకీ వీళ్లంతా అవతలికి పోవాలి, అంతేగా? మా వంటింటి వెనక పెరట్లోంచి వంతెన మీదికి నడవ ఉంది. సైకిలు దిగి నడిపించుకుంటే హాయిగా పోవచ్చు. నా మొక్కలు తొక్కితే మాత్రం చక్రాలు పీకేస్తాను."

తాళం తీసింది. నలభై సైకిళ్లు, మొక్కలకి దండం పెట్టినంత భయభక్తులతో, పెరట్లోంచి ఒకటొకటిగా దాటాయి. కింద నీళ్లు గలగలమంటుంటే వంతెన మీద నిలబడి అందరూ ఫొటోలు దిగారు. మేనేజరు గారు ప్యాంటు పిండుకుంటూ, "చప్టా కన్నా ఇదే బాగుంది. మ్యాపులు దిద్దు" అన్నారు.

"ఐదు వందలా?"

"చేత్తో దిద్దాలి. పర్మనెంటు ఉద్యోగి అంటే ఆ మాత్రం చాకిరీ ఉంటుంది మరి."

ఆ మాట ఆమె బుర్రకెక్కేసరికి ఆయన సైకిలెక్కి వెళ్లిపోయారు.

పెరటి దారిని ఆమె అప్పటికప్పుడే కొలిచింది. పక్కన షట్టర్లాయన పుస్తకం పట్టుకుని నడిచాడు. నాయనమ్మ గడప మీద కూర్చుని, "సరిగ్గా కొలవండి, ఎన్ని రోజులు పట్టినా ఫరవాలేదు" అంది.

గేటు దగ్గర అతను ఆగాడు. అడగాలా వద్దా అని గేటు గొళ్లెం రెండుసార్లు వేసి తీశాడు.

"రేపు ఎన్నింటికి వస్తారు?"

ఆమె సైకిలెక్కి, తుంగలోంచి తెచ్చిచ్చిన ఆ పెన్సిలే చెవికి పెట్టుకుంది.

"ఎనిమిదింటికే. నీళ్లు మాత్రం ఆపకండి. నేను మీ ఇంట్లోంచే వస్తాను."