బిగించిన కుట్టు

విశ్వవిద్యాలయం నుంచి ఫోను వచ్చేసరికి ఆమె కుట్టుమిషను ముందు కూర్చుని కూతురి బూడిదరంగు ప్యాంటు నడుము బిగిస్తోంది. మీ అమ్మాయి లైబ్రరీ మెట్ల మీద కళ్ళు తిరిగి పడిపోయిందనీ, ఇక్కడి ఆరోగ్య కేంద్రంలో పడుకోబెట్టామనీ, కంగారు పడొద్దనీ ఎవరో స్నేహితురాలు చెప్పింది. కంగారు పడొద్దంటే పడకుండా ఉండే తల్లి ఎక్కడైనా ఉంటుందా! ఆమె చేతిలోని గుడ్డ జారి కింద పడింది. చేజేతులా నేనే చేశాను... నా బిడ్డను నేనే పడగొట్టాను... అనుకుంటూ గోడ పట్టుకుని కుమిలిపోయింది.

ఆ ఇంట్లో కష్టం మొదలై ఏడాదిన్నర అయింది. ఆమె మూత్రపిండాలు రెండూ పనిచేయడం మానేశాయి. వారానికి మూడు రోజులు ఆసుపత్రిలో డయాలసిస్, మిగతా రోజుల్లో ఓపిక ఉన్నంతసేపు కుట్టుపని. భర్త బస్సు డ్రైవరు. నా మూత్రపిండం తీసుకోండి అని ముందుకు దూకాడు కానీ, ఆయనకున్న షుగరు వల్ల పనికిరాదన్నారు. ఇక మిగిలింది ఒక్కగానొక్క కూతురు. చిన్నప్పుడు అలిగి మూతి ముడుచుకునేదని తండ్రి ముద్దుగా పెట్టిన పేరు బుంగ. ఇరవై ఒకటో ఏడు నడుస్తోంది, గణాంకశాస్త్రం చదువుతోంది. ఆ పిల్లకు చేసిన పరీక్షలన్నీ సరిపోయాయి, బరువు తప్ప. పది కిలోలు తగ్గితేనే ఆపరేషన్ అని పెద్ద డాక్టరు తేల్చి చెప్పి, నాలుగు నెలలు గడువిచ్చాడు. రోజూ తూకం చూసుకుంటే నీరసపడిపోతావు, బట్టలు వదులవుతున్నాయో లేదో చూసుకో చాలు, గడువు తీరాక మేమే తూస్తాం అని నర్సు సలహా చెప్పింది.

నిజం చెప్పాలంటే తల్లి అప్పుడు పెద్దగా బెంగపడలేదు. బుంగది ఆరంభశూరత్వం. ఈత అంది, నాలుగు రోజులు వెళ్ళింది. బొమ్మలు వేస్తానంది, రంగులు సీసాల్లోనే గడ్డకట్టాయి. ఇది కూడా పదిహేను రోజుల ముచ్చటేలే అనుకుంది. కానీ ఈసారి ఆ పిల్ల పట్టిన పట్టు వదల్లేదు! తండ్రి నడిపే బస్సే ఎక్కి, రెండు స్టాపుల ముందే దిగి నడిచేది. ఒకరోజు వాన వంక పెట్టుకుని సీట్లోనే కూర్చుండిపోతే, ఆయన అద్దంలోంచి చూసి, మూడో వరస అమ్మాయి దిగితేగానీ బండి కదలదని ప్రకటించాడట. బస్సంతా నవ్విందట, పిల్ల గొణుక్కుంటూ దిగిందట. చదువుకోవడానికి లైబ్రరీలో ఆరో అంతస్తు ఎంచుకుంది. కావాలనే కలం కింద వదిలేసి వచ్చి, దానికోసం మళ్ళీ దిగి ఎక్కేది. సాయంత్రం ఇంటికొచ్చి కాళ్ళు పట్టుకుపోయాయని మూలిగేది, పొద్దున్నే మళ్ళీ బూట్లు వేసుకునేది.

నెల తిరిగేసరికి బట్టలు వదులయ్యాయి. ఆ రోజు కూతురి మొహంలో వెలుగు చూసి తల్లి గుండె జారిపోయింది. ఇది నిజంగానే జరిగేట్టుంది! నిండా పాతికేళ్ళు లేని పిల్ల... రేపు తనకో సంసారం, తనకో కాన్పు... తల్లన్నది బిడ్డకు పెట్టాలి గానీ బిడ్డను కోసి తెచ్చుకున్నదానితో బతకడమేమిటి? వద్దని చెబితే వినే రకం కాదు. బుంగ బట్టలన్నీ ఆమె చేత్తో కుట్టినవే. నోటితో అబద్ధం చెప్పడం చేతకాని ఆ తల్లి సూదితో చెప్పింది. పిల్ల క్లాసుకు వెళ్ళగానే నడుము కుట్టు విప్పి, వేలి మందం లోపలికి తోసి మళ్ళీ కుట్టేసేది. ఈ వారం నల్లది, పై వారం నీలిది, ఆపైన బూడిదరంగుది. ఇంత కష్టపడ్డా తగ్గడం లేదని విసిగిపోయి తనే మానేస్తుంది, అంతటితో పీడ వదులుతుంది అన్నది ఆమె లెక్క.

ఆ లెక్క తప్పింది. స్నేహితురాళ్ళు ఎంత సన్నబడ్డావే అంటే బుంగ నమ్మేది కాదు. వాళ్ళు మొహమాటానికి అంటారు, మా అమ్మ కుట్టిన బట్ట అబద్ధం చెప్పదు అనేది. ప్రతి ఆదివారం అద్దం ముందు నిలబడి బొత్తాం పట్టక కళ్ళనీళ్ళు పెట్టుకునేది. మానేయలేదు సరికదా, తిండి తగ్గించింది. రాత్రిది మానేసింది. పొద్దున అడిగితే క్యాంటీన్‌లో తింటానంది. క్యాంటీన్ గడప తొక్కడం లేదని తల్లికి ఈరోజు ఫోనులో ఆ స్నేహితురాలు చెబితేనే తెలిసింది.

ఆరోగ్య కేంద్రంలో మంచం మీద బుంగ మొహం పాలిపోయి ఉంది. తండ్రి డ్యూటీ బట్టలతోనే వచ్చి కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. తల్లిని చూడగానే ఆ పిల్ల అన్న మొదటి మాట, "అమ్మా, నువ్వేం భయపడకు. ఇంకా మూడు వారాలుంది, తగ్గుతాను."

డాక్టరమ్మ పెద్దావిడ. పొద్దుటి నుంచి ఏం తిన్నావని అడిగితే నీళ్ళు అని జవాబొచ్చింది. ఆవిడ పెదవి విరిచి, కాస్త తేరుకున్నాక తూకం ఎక్కించింది. తల్లి వెంట తెచ్చిన పాత ఆసుపత్రి కాగితాలతో సరిచూసి కళ్ళజోడు తీసింది.

"పది తగ్గమంటే పధ్నాలుగు తగ్గావు. ఇంత తొందరేంటమ్మా నీకు?"

బుంగ తెల్లబోయింది. తూకం పాడైందేమో చూడమంది, ప్యాంటు ఊపిరాడనివ్వడం లేదంది. డాక్టరమ్మ తనే ఎక్కి చూసుకుని, నా బరువు నిన్నటిలాగే చూపిస్తోంది, పాడైతే నేనే సంతోషించేదాన్ని అంది. గదిలో ఎవరూ నవ్వలేదు.

తల్లి మంచం దగ్గరికి జరిగింది. "తూకం బాగానే ఉంది. నీ బట్టలు నేనే బిగించాను బుంగా... వారం వారం."

బుంగ నడుము పట్టీ మడిచి చూసుకుంది. తల్లి చేతి కుట్టు ఆ పిల్లకు తెలియనిదా!

"నేను అద్దం ముందు ఏడుస్తుంటే నువ్వు పక్కనే నిలబడ్డావు కదమ్మా."

"నిలబడ్డాను."

"ఎందుకు?"

"విసిగిపోయి మానేస్తావనుకున్నా. నిన్ను కోయించి నేను బతకడం నా వల్ల కాదే తల్లీ... తిండి మానేస్తావని మాత్రం కలలో కూడా అనుకోలేదు. నన్ను ఏమన్నా అను, పడతాను."

బుంగకు కోపం రాలేదని కాదు. వచ్చింది, మొహం గోడవైపు తిప్పుకుంది. తండ్రి నెమ్మదిగా, ఒకే కొలతను నమ్మకూడదని మీ శాస్త్రంలో చెప్పరా అని అడిగాడు. దానికి ఆ పిల్ల ఏడుస్తూనే నవ్వింది. అప్పుడు తల్లివైపు తిరిగింది.

"ఇది నీకు దానం అనుకుంటున్నావా? నాకు ఇంకా ముప్ఫై ఏళ్ళు అమ్మ కావాలి. నా స్వార్థం కోసం మెట్లెక్కాను. ఇవ్వడం ఒక్కటే నేర్చుకుంటే ఎలాగమ్మా, పుచ్చుకోవడం కూడా రావాలిగా."

తల్లి మంచం పక్కన కూలబడి కూతురి ఒళ్ళో తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. డాక్టరమ్మ ఇద్దరికీ గట్టిగానే చెప్పింది. ఆపరేషన్ వెనక్కి జరపాలి, పిల్ల మూడుపూటలా తిని కోలుకోవాలి, మంచీ చెడూ పూర్తిగా తెలుసుకున్నాకే ఇద్దరూ సంతకాలు పెట్టాలి, ఒకరికొకరు చెప్పకుండా ఏ పనీ చేయకూడదు అంది. వెళ్తూ వెళ్తూ వేడి పాలు, రొట్టె తెప్పించింది. బుంగ తింటుంటే తల్లి ఒక్కో ముక్కా చూస్తూ, "సరే, పుచ్చుకుంటానే" అంది.

రెండు నెలల తర్వాత ఆపరేషన్ జరిగింది. ఆమెకు తెలివొచ్చేసరికి నర్సు చెప్పిన శుభవార్త, కూతురిచ్చిన మూత్రపిండం అప్పుడే పని మొదలుపెట్టిందని. ఏడాది పైగా చుక్క రాని శరీరం... మంచానికి వేలాడుతున్న మూత్రం సంచీ నిండుతోంది! దాన్ని చూసి భర్త దణ్ణం పెట్టి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆ సంచీకి దణ్ణం పెట్టిన మగవాణ్ణి మిమ్మల్నే చూశానని నర్సు ఆటపట్టించింది.

నాలుగో రోజున ఆమెను లేచి నడవనిచ్చారు. ఎక్కడికీ అని ఎవరూ అడగనక్కర్లేకపోయింది. గోడ పట్టుకుని, అడుగులో అడుగు వేసుకుంటూ పక్క గదికి వెళ్ళింది. బుంగ మధ్యాహ్నం అన్నం తిని మొద్దునిద్ర పోతోంది. కడిగిన కంచం పక్కనే ఉంది, బుగ్గలకు మళ్ళీ కాస్త రంగు వచ్చింది. తొమ్మిది నెలలు మోసి కన్నాను, నేనే దీనికి ప్రాణం పోశాను అని ఇన్నేళ్ళూ అనుకుంటూ వచ్చింది. ఇప్పుడు ఎవరు ఎవరిని కన్నట్టు! తల్లి బిడ్డకు మొక్కితే బిడ్డకు ఆయుక్షీణం అని పెద్దవాళ్ళంటారు. ఆమె ఆ మాట తలుచుకుని ఒక్క క్షణం ఆగింది. ఇంతలో తండ్రి తలుపు దగ్గరికి వచ్చి, చూసి, అటు తిరిగి నిలబడ్డాడు. ఆమె వంగి, నిద్రపోతున్న కూతురి చెయ్యి రెండు చేతుల్లోకి తీసుకుని, మెల్లగా కళ్ళకు అద్దుకుంది.