కిటికీలో హారతి పళ్లెం

వాకాడు దగ్గర పడవల కాలువ గట్టున పాడుబడిన ఉప్పు ఆఫీసు బంగళాకు మంచి పేరు లేదు. కిటికీలో ఆడమనిషి నిలబడి ఉంటుందనీ, రెప్ప వెయ్యదనీ, చూసినవాడికి మూడు రోజులు జ్వరమనీ చెప్పుకునేవారు. అరవై మూడులో అక్కడ పద్మనాభయ్యగారికి జరిగింది ఆయన నోటే విన్నాను.

ఆయనకు పత్రికల అట్టమీది బొమ్మలంటే పిచ్చి. పన్నెండేళ్లు వారపత్రికలూ దీపావళి సంచికలూ ఏరి, ప్రతి అట్ట మూలా ఊదా పెన్సిలుతో 'ప.నా.' అని రాసి, రేకుపెట్టెలో వేపాకు వేసి దాచారు. అంతకు ముందేడు తుఫాను కబురు రాగానే ఆ పెట్టెను స్నేహితుడు కామాక్షయ్య మిద్దింట్లో పెట్టారు. నీళ్లు తీశాక కామాక్షయ్య వచ్చి, పెట్టె కొట్టుకుపోయిందని ఈయన్ని కావలించుకుని ఏడ్చాడు. మిద్దింట్లోంచి పెట్టె ఎలా కొట్టుకుపోతుందని ఈ అమాయకుడు అడగనైనా లేదు!

ఆ రోజు గూడూరు నుంచి ఆఖరి బస్సు దిగేసరికి బాగా పొద్దుపోయింది. దగ్గరి దోవ కాలువ గట్టే. "ఆ దిక్కు పోబాకరా, ప్రాణాలు తీస్తది" అని కామాక్షయ్య ఎన్నిసార్లో చెప్పాడు. అయినా నడిచారు.

బంగళా అంతా చీకటి... ఒక్క కిటికీ తప్ప.

అక్కడ — ఆమె. చేతిలో హారతి పళ్లెం. ముఖం లోపలినుంచి వెలుగుతోంది. కళ్లు ఈయన మీదే. సముద్రపు గాలి ఈడ్చి కొడుతున్నా కొంగు కదలడం లేదు...

దేవుడి పేరు కూడా గుర్తు రాలేదు. పరిగెత్తబోయి, మళ్లీ చూశారు. ఎక్కడో చూసిన ముఖం... భయపడుతూనే దగ్గరికెళ్లారు. కింద మూలన ఊదా అక్షరాలు — ప.నా.

యాభై తొమ్మిది దీపావళి సంచిక! అద్దాల్లేని చట్రానికి మైదాపిండితో అంటించారు. గోటితో అంచు లేపబోతే ఆమె బుగ్గ చిరిగింది. నిజంగా దెయ్యమే అయ్యుంటే బాగుండేది అనిపించిందట ఆయనకు.

లోపల లాంతరు వెలుగులో పేకముక్కల చప్పుడు ఆగిపోయింది.

"ఎవురది...?" వణుకుతున్న ఆ గొంతు కామాక్షయ్యది.

"నేనేరా."

కామాక్షయ్య తలుపు తీసి, పోలీసు కాదని తేలాక ఊపిరి పీల్చుకున్నాడు. పేకాట వైపు జనం రాకుండా బొమ్మ బయటికి తిప్పి అంటించింది తనేనన్నాడు. ఈయన ఏడవడం చూసి భుజం మీద చెయ్యేశాడు.

"ఏడవబాకరా పద్మనాభం," అన్నాడు గుసగుసగా. "అట్టలే గదా చించింది. లోపలి కథలన్నీ మా ఆడోళ్లు బైండు చేయించినారు. ఒక్క పేజీ పోలేదు. రేపొచ్చి తీసకపో."

ఆ పన్నెండేళ్లలో పద్మనాభయ్యగారు ఒక్క కథా చదివి ఎరగరు.